ఇంజిన్ కవర్లకు ఏది మేలు: స్ప్రే డబ్బానా, పౌడర్ కోటింగా?

తిరుపతిలో పాత బండి ఇంజిన్‌కు రంగు అనగానే షెడ్డులో వచ్చే మొదటి సలహా, "సిల్వర్ కొట్టేద్దాం సార్". మామూలు సిల్వర్ ఎనామిల్ కొత్తలో బాగానే మెరుస్తుంది. పెట్రోలు కారిన చోట మెత్తబడి, తుడిచే గుడ్డకు అంటుకొస్తుంది. దాన్ని పక్కన పెట్టేద్దాం.

ఇక చాలామంది మోజుపడేది '600 డిగ్రీలు' అని రాసి ఉన్న స్ప్రే డబ్బా. అల్యూమినియం కరిగేదే 660 డిగ్రీల దగ్గర! క్లచ్ కవర్ వేడి లోపలి ఆయిల్ వేడిని బట్టి ఉంటుంది, అంటే సుమారు 100. ఇద్దరితో తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు సిలిండర్ హెడ్ అంతకంటే బాగా కాలుతుంది కానీ, ఆ 600లో సగానికి కూడా రాదు. ఆ డబ్బాలోని సిలికాన్ రంగు గట్టిపడాలంటే బాగా కాలాలి. సైలెన్సర్ బెండు పైపు మీద ఆ వేడి దొరుకుతుంది, కవర్ల మీద దొరకదు. అందుకే అక్కడ అది పచ్చిగానే ఉండిపోయి పెట్రోలు తగలగానే లేచిపోతుంది. పెద్ద నంబరు చూసి డబ్బు తగలేయడం తప్ప లాభం లేదు.

గట్టిదనంలో పౌడర్ కోటింగ్‌దే, అంటే రంగు పొడి చల్లి ఓవెన్‌లో కాల్చే పూతదే పైచేయి. గులకరాళ్లు తగిలినా, పెట్రోలు పడినా తొందరగా చెక్కుచెదరదు. కానీ దాని తంటాలు దానికున్నాయి. ఓవెన్‌లో 180 నుంచి 200 డిగ్రీల వేడి కాబట్టి ఆయిల్ సీళ్లు, బేరింగులు అన్నీ ఊడదీయాలి. ఏళ్ల తరబడి నూనె తాగిన కాస్టింగ్‌ను నేరుగా కాల్చితే, సందుల్లోని నూనె, గాలి బయటకు తన్నుకొచ్చి రంగు నిండా సూదిబెజ్జాలు పడతాయి. పౌడర్ వేయకముందే ఒకసారి ఉత్తగా కాల్చి, మళ్లీ తుడవమని అడగండి. గేట్లు, గ్రిల్స్ మాత్రమే చేసే షెడ్డులో ఈ మాట చెప్పకపోతే చేయరు. ఇంకోటి, సిలిండర్ బ్లాకు చుట్టూ ఉండే రెక్కల మీద మందపాటి పొర మంచిది కాదు. అవి ఉన్నదే వేడిని గాలికి వదలడానికి.

ఆ రెక్కలకు, ఇంజిన్ విప్పకుండా చేసే పనికి 260 డిగ్రీలు తట్టుకునే ఇంజిన్ ఎనామిలే సరైనది. పల్చగా, ఒక పొర ఆరాక ఇంకొకటి వేయాలి.

ఏ రంగైనా నిలిచేది కింది పనిని బట్టే. అల్యూమినియాన్ని గీకగానే మీద మళ్లీ ఆక్సైడ్ పొర కడుతుంది. ఇనుముకు వాడే రెడాక్సైడ్ ప్రైమర్ దీని మీద సరిగా పట్టదు, కొన్నాళ్లకు పెచ్చులుగా ఊడుతుంది. గ్రీజు పోయేలా కడిగి, ఎమరీ కొట్టి, థిన్నర్‌తో తుడిచి, స్ప్రే రంగైతే అదే పూట ఎచ్ ప్రైమర్ (లోహాన్ని కాస్త కొరికి పట్టుకునే తొలి పూత) వేయాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానల తేమలో స్ప్రే పని పెట్టుకోవద్దు, మెరుపు చచ్చి తెల్లబారుతుంది. మే ఎండలో అయితే రంగు గాల్లోనే ఆరిపోయి గరుకుగా పడుతుంది. పొద్దున్నే, నీడలో చేయించండి.

బోరింగ్ (అరిగిన సిలిండర్ లోపలి గోడ చెక్కించడం) కోసం ఎలాగూ ఇంజిన్ విప్పుతుంటే నా ఓటు ఇలా: కవర్లు పౌడర్ కోటింగ్‌కు, బ్లాకుకు నల్ల ఇంజిన్ ఎనామిల్. విప్పే పని లేకపోతే అంతటా ఎనామిలే. ప్యాకింగ్ కూర్చునే అంచులకు, ఎర్త్ వైరు బిగించే చోటికి ముందే టేపు వేయించండి, లేదంటే కొత్త రంగుతో పాటు ఆయిల్ కారడం, సెల్ఫ్ తిరగకపోవడం కూడా ఇంటికొస్తాయి.