ఊద చావట్లేదు: మందు మార్చాలా, గ్రూపు మార్చాలా?

వరి నాట్లు పడి నెల తిరగకముందే నాకొచ్చే ఫోన్లలో సగం ఒకే ప్రశ్నతో వస్తాయి. "అన్నా, బిస్పైరిబాక్ కొట్టి పదిహేను రోజులైంది. తుంగ చచ్చింది, ఊద మాత్రం అట్టాగే ఉంది. ఇప్పుడేం కొట్టమంటావు?" ఊద అంటే వరిలో మొలిచే గడ్డి కలుపు, బిస్పైరిబాక్ అంటే దాని మీద కొట్టే కలుపు మందు. మా నెల్లూరు జిల్లాలో కోవూరు నుంచి అడుగుతారు, విడవలూరు నుంచి అడుగుతారు, మొన్న అల్లూరు నుంచి కూడా అడిగారు. పోయిన ఎడగారులో (ఎండాకాలం వేసే వరిలో) ఈ తలనొప్పి మా కయ్యలోనే వచ్చింది. అందుకే ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. కంపెనీ పేర్లు రాయను, డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉండే టెక్నికల్ పేర్లే రాస్తాను. అసలు గొడవంతా ఆ చిన్న అక్షరాల దగ్గరే ఉంది.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. షాపుకు పోయి "పోయినసారిది పనిచేయలేదు, వేరేది ఇవ్వన్నా" అన్నాను. ఆయన కొత్త డబ్బా తీసిచ్చాడు. ఇంటికొచ్చి తిప్పి చదివితే పెనాక్సులమ్ అని ఉంది. పేరు వేరు, రంగు వేరు, కంపెనీ వేరు కదా అని కొట్టాను. ఊద ఒంట్లో అది పట్టుకునే చోటు బిస్పైరిబాక్ పట్టుకునే చోటేనని అప్పటికి నాకు తట్టలేదు. డబ్బులు పోయాయి, పది రోజులు పోయాయి, ఊద మోకాలెత్తుకు వచ్చింది.

కలుపు మందులు మొక్కలో ఎక్కడ దెబ్బకొడతాయో చూసి వాటికి అంతర్జాతీయంగా గ్రూపు నంబర్లు ఇచ్చారు. ఇదివరకు ఇంగ్లిష్ అక్షరాలుండేవి, 2020 నుంచి నంబర్లకు మార్చారు. మా ఇంట్లో ఉన్న డబ్బాల మీద వెతికితే చాలావాటికి ఆ నంబరే లేదు. డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో ఉండే గుర్తు విషం తీవ్రతను చెబుతుంది. దాన్ని చూసి గ్రూపు మారిందనుకోవద్దు.

మన వరికి సంబంధించినంతవరకు నాలుగు నంబర్లు గుర్తుంటే చాలు. బిస్పైరిబాక్, పెనాక్సులమ్, పైరజోసల్ఫ్యూరాన్, బెన్‌సల్ఫ్యూరాన్, ఇథాక్సీసల్ఫ్యూరాన్, ట్రయాఫమోన్ అన్నీ 2వ గ్రూపే. సైహలోఫాప్, ఫినాక్సాప్రాప్, మెటామిఫాప్ 1వ గ్రూపు. ప్రెటిలాక్లోర్, బ్యూటాక్లోర్ 15వ గ్రూపు. 2,4-డి, కొత్తగా వచ్చిన ఫ్లోర్‌పైరాక్సిఫెన్ 4వ గ్రూపు.

2వ గ్రూపుతోనే ఎందుకింత ఇబ్బంది? మొక్క పెరగడానికి కావలసిన మూడు అమైనో ఆమ్లాలను తయారుచేసే ఎంజైమ్‌ను ఈ మందులు అడ్డుకుంటాయి. ఆ ఎంజైమ్‌లో ఒక్క చోట చిన్న మార్పు ఉన్న మొక్క దొరికితే చాలు, మందు దానికి అతుక్కోదు. లక్షల ఊద మొక్కల్లో అలాంటివి ముందే ఒకటో రెండో ఉంటాయి. "ఊద మందుకు అలవాటు పడింది" అంటుంటాం కానీ, అలవాటు పడే పనేం లేదు. మిగతావాటిని మనం చంపి, ఆ ఒకటి రెంటికి చోటిచ్చి, వాటి గింజనే కయ్య నిండా చల్లుకున్నాం. మాకు ఏడాదికి రెండు వరి పంటలు. ఐదేళ్లు ప్రతిసారీ బిస్పైరిబాకే కొట్టాను. అంటే పదిసార్లు అదే మొక్కను ఏరి ఏరి పెంచాను.

ఇది మన జిల్లాతో మొదలైన కథ కాదు. 1990ల మొదట్లో హర్యానా గోధుమ చేలల్లో గుల్లీ డండా అనే గడ్డి ఐసోప్రొట్యూరాన్‌కు లొంగకుండా పోయింది. వేరే గ్రూపు మందులకు మారారు. కొన్నేళ్లకు వాటిలో కొన్నింటికీ అదే గతి పట్టింది. వరిలోనూ ఛత్తీస్‌గఢ్, కేరళ పొలాల్లో ఒక రకం తుంగ బిస్పైరిబాక్‌కు తట్టుకుంటోందని మన శాస్త్రవేత్తలే తేల్చారు.

అయితే చావని ప్రతి ఊదా తట్టుకునే ఊద కాదు. మందును తిట్టే ముందు కయ్యలోకి దిగి చూడండి. బతికిన మొక్కలు గట్టు పక్కనో, స్ప్రేయర్ తిప్పుకునే మలుపులోనో వరసగా ఉంటే అక్కడ మందు పడలేదని అర్థం. కయ్యంతా ఒకే ఎత్తులో బతికుంటే ముదిరాక కొట్టారు, లేదా నీళ్లు తీయకుండా కొట్టారు. బిస్పైరిబాక్‌ను ఊద రెండు నుంచి నాలుగు ఆకుల మీద ఉన్నప్పుడే, నీళ్లు తీసి, ఎకరాకు 100 మి.లీ. కొట్టి, రెండు మూడు రోజుల్లో మళ్లీ నీళ్లు పెట్టాలి. ఇవన్నీ సరిగా చేసినా ఎండి గోధుమరంగుకు తిరిగిన ఊద మొదలు పక్కనే, జానెడు దూరంలో, అదే వయసు ఊద పచ్చగా పిలక వేస్తూ నిలబడితే మాత్రం అనుమానించాలి. నేను అలాంటి జంటను వేళ్లతో సహా పీకి చూశాను. రెండూ ఊదే. ఆకు మొదట్లో వరికి ఉండే తెల్లటి నాలుక రెంటికీ లేదు. ఒకటి చచ్చింది, ఒకటి బతికింది.

ఇప్పుడు అసలు పోలికకు వస్తాను. బిస్పైరిబాక్‌కు బదులు ఏది?

సైహలోఫాప్ అందరికీ ముందు గుర్తొచ్చేది. గ్రూపు మారుతుంది కాబట్టి 2వ గ్రూపుకు లొంగని ఊద చాలాసార్లు దీనికి లొంగుతుంది. కొట్టిన వారానికి ఊద మధ్య ఆకును పట్టి లాగండి. మందు పట్టి ఉంటే అది తేలిగ్గా ఊడి వస్తుంది, దాని మొదలు మెత్తబడి గోధుమరంగులో ఉంటుంది. దీని లోటు ఏంటంటే గడ్డి జాతి తప్ప ఇంకేదీ చావదు. తుంగా, వెడల్పాటి ఆకుల కలుపూ నవ్వుతూ ఉంటాయి. పని కలిసొస్తుందని అదే ట్యాంకులో 2,4-డి కలిపేవాళ్లున్నారు. దయచేసి కలపొద్దు, ఊద మీద సైహలోఫాప్ బలం తగ్గిపోతుంది. రెంటికీ మధ్య కొన్ని రోజులు ఎడం ఇవ్వండి. ఇంకో మాట, 1వ గ్రూపుకు కూడా ఊద తొందరగానే తట్టుకుంటుంది. దీన్నీ వరసగా కొడితే బిస్పైరిబాక్ కథే మళ్లీ.

కలిపి అమ్మే జోడీ మందుల దగ్గర చాలామంది మోసపోతున్నారు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. డబ్బా మీద రెండు పేర్లున్నాయంటే రెండు గ్రూపులని కాదు. ట్రయాఫమోన్, ఇథాక్సీసల్ఫ్యూరాన్ జోడీలో రెండూ 2వ గ్రూపే. బెన్‌సల్ఫ్యూరాన్, ప్రెటిలాక్లోర్ గుళికల్లో గ్రూపులు వేరు, మంచి మందే. కానీ ఊదను చంపే భారమంతా ప్రెటిలాక్లోర్ మీదే, రెండోది తుంగకూ వెడల్పాకులకూ పనికొస్తుంది. జోడీలో రెండు మందులూ ఒకే కలుపును చంపగలిగితేనే తట్టుకునే మొక్కకు దారి మూసుకుపోతుంది. పెనాక్సులమ్, సైహలోఫాప్ జోడీలో రెండూ ఊదను కొడతాయి. ఫ్లోర్‌పైరాక్సిఫెన్, సైహలోఫాప్ జోడీ ఇంకా నయం, అందులో 2వ గ్రూపే లేదు. మీ ఊద ఇప్పటికే 2వ గ్రూపుకు తట్టుకుంటుంటే పెనాక్సులమ్ జోడీలో మీకు పనిచేసేది ఒక్క సైహలోఫాపే అని గుర్తుపెట్టుకోండి.

2,4-డి ఊదను చంపదు. కాబట్టి ఈ లెక్కలో దానికి చోటు లేదు. పక్కన మిరప, పత్తి ఉన్నవాళ్లు గాలి చూసుకుని కొట్టండి, అంతే.

ఇక ప్రెటిలాక్లోర్. నా మొగ్గు దీనివైపే, దాచను. చవక అని కాదు, పాత మందు అని కాదు. ఊద మొలకెత్తేటప్పుడే పడిపోతే ఆ తర్వాత కొట్టే మందు ముందు నిలబడే మొక్కల సంఖ్యే తగ్గిపోతుంది. లక్ష మొక్కల మీద బిస్పైరిబాక్ కొట్టడానికీ వెయ్యి మొక్కల మీద కొట్టడానికీ తేడా అక్కడుంది: తట్టుకునే ఆ ఒక్క మొక్క ఆ వెయ్యిలో ఉండే అవకాశం చాలా తక్కువ. పైగా 15వ గ్రూపుకు కలుపు తట్టుకోవడం 1, 2 గ్రూపులతో పోలిస్తే తక్కువ.

కానీ ఇది నీళ్లతో పనిచేసే మందు. నాటిన మూడు నుంచి ఐదు రోజుల్లోపు, ఎకరాకు 500 మి.లీ. మందును 20 నుంచి 25 కిలోల ఇసుకలో కలిపి, కయ్యలో పలుచగా నీళ్లు పెట్టి చల్లాలి. రెండు మూడు రోజులు ఆ నీళ్లు కదలకూడదు. మా కయ్యలో ఈశాన్యం మూల మెరకగా ఉండేది. అక్కడ నీళ్లు నిలవక బురద తేలేది, ఊద సరిగ్గా ఆ మెరక గీత వెంబడే లేచేది. దమ్ములో ఇంకో చాలు తోలించి చదును చేయించాక ఆ మూల మిగతా కయ్యతో సమానమైంది. మందు అదే, డోసూ అదే.

సర్వేపల్లి కాలువ చివరి ఆయకట్టు వాళ్లకు ఈ సలహా ఇవ్వడానికి మనసొప్పదు. నాటిన నాలుగో రోజు వాళ్లకు నీళ్లు వస్తాయో రావో. వాళ్లు సైహలోఫాప్ ఉన్న జోడీని నమ్ముకోవడమే మేలు. వెదజల్లిన వాళ్లు మామూలు ప్రెటిలాక్లోర్ జోలికి పోవద్దు, వరి మొలకే దెబ్బతింటుంది. సేఫ్నర్ (వరి మొలకను మందు దెబ్బ నుంచి కాపాడేది) కలిసిన రకం వేరే దొరుకుతుంది, అది అడగండి.

గ్రూపులు మార్చడమే సర్వరోగ నివారిణి కూడా కాదు. వరి ఈ మందులకు ఎందుకు చావదు? ఒంట్లోకి వచ్చిన మందును తన ఎంజైమ్‌లతో విరగ్గొట్టేస్తుంది కాబట్టి. కొన్ని చోట్ల ఊద కూడా అదే పని చేస్తోంది. అలాంటి ఊదకు ఒక గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకు మారినా లాభం ఉండకపోవచ్చు. డోసు తగ్గించి కొట్టేవాళ్లు ఇలాంటి ఊదనే పెంచుతున్నారు. డబ్బాలో సగం దాచి రెండో ఎకరాకు సరిపెట్టడం మానేయాలి.

వరి కోసి మినుము వేసేవాళ్లు లెక్క ఇంకా జాగ్రత్తగా వేయాలి. ప్రకాశం వైపు మినుము వేసే మిత్రుడితో మాట్లాడుతుంటే "వరిలో బిస్పైరిబాక్, మినుములో ఇమాజెథాపైర్, మార్చే కొడుతున్నా గదా మామా" అన్నాడు. ఇమాజెథాపైరూ 2వ గ్రూపే. పంట మారింది, నేలలో ఊద గింజ మారలేదు, దాని మీద పడే దెబ్బా మారలేదు. పోనీ అని మినుములో క్విజలోఫాప్ కొడితే అది సైహలోఫాప్ చుట్టం. విత్తిన వెంటనే పెండిమిథాలిన్ పడితే 3వ గ్రూపు వచ్చినట్టు. పంట పేరు పక్కన మందు పేరు, దాని పక్కన గ్రూపు నంబరు: క్యాలెండర్ వెనక ఈ మూడూ రాసుకుంటున్నాను. ఈ రబీకి నా వరస: ముందు ప్రెటిలాక్లోర్, తర్వాత అవసరమైతే సైహలోఫాప్ జోడీ. బిస్పైరిబాక్ ఈ ఏడాది ముట్టను.

చివరగా, నిన్న వచ్చిన ఫోన్. "నాటి నలభై రోజులైంది, ఊద వరిని మించింది, ఏం కొట్టాలి?" ఏమీ కొట్టొద్దు. కూలీని పెట్టి, వెన్ను బయటకు రాకముందే వేళ్లతో పీకించండి. ఖర్చవుతుంది, నాకు తెలుసు. ఊద గింజ వరి కోతకంటే ముందే రాలిపోతుంది. పీకింది గట్టు మీద పడేయకుండా బయటకు మోయించండి. కోతకు మిషన్ వస్తే, కయ్యలోకి దించే ముందు జల్లెడ, మూలల్లో ఇరుక్కున్న గింజ దులిపించండి. మా కయ్యలో చావని ఊద మొదటి గుంపు మిషన్ దిగే మూలలోనే లేచింది.