పంటు దాటితే అంతర్వేది: నరసాపురం చుట్టూ మా తిరుగుడు

నరసాపురం వెళ్తున్నామంటే అందరూ అడిగేది ఒకటే: అంతర్వేదికా, పేరుపాలెం బీచ్‌కా? ఊరు చూడ్డానికి వెళ్తున్నామంటే ఎవరూ నమ్మరు. నిజమే, ఇక్కడ కోట లేదు, టికెట్ కొని చూసే పాత బంగళా లేదు. అయినా ఈ మూడింట్లో ఎక్కువ టైం ఊరికే ఇవ్వమంటాను. ఊరంటే వీధులు కాదు, ఊరిని ఆనుకుని పారే గోదావరి పాయ, వశిష్ఠ గోదావరి.

హైదరాబాద్ నుంచి రాత్రి రైలెక్కితే పొద్దున్నే దిగొచ్చు. పట్టాలు ఇక్కడితో ఆఖరు, కాబట్టి నిద్రపట్టి స్టేషన్ దాటిపోతామన్న టెన్షన్ లేదు. మేం సంక్రాంతి రద్దీ తగ్గాక అమ్మని తీసుకుని వెళ్ళాం. చలి పెద్దగా ఉండదు, ఉక్కపోత అసలే ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఇటు రావద్దు.

ముందు బస సంగతి. నరసాపురంలో ఉన్నవి మామూలు లాడ్జీలే. మేం దిగినదాంట్లో గది చిన్నది, గోడలకి రంగు వేసి చాలా కాలమైంది. కానీ దుప్పట్లు శుభ్రం, వేడినీళ్ళు అడగ్గానే వచ్చాయి, అమ్మ మెట్లెక్కలేదని కింది అంతస్తులో గది మార్చి ఇచ్చారు. మధ్యలో ఒక రాత్రి సముద్రం దగ్గరుందామని పేరుపాలెం వైపు ఒక రిసార్ట్‌లో దిగాం. అద్దె దాదాపు మూడింతలు. కరెంటు పోతే జనరేటర్ మీద ఏసీ నడవదన్న సంగతి డబ్బు కట్టాక చెప్పారు. రాత్రి భోజనం సాయంత్రం నాలుగింటికే ఆర్డరివ్వాలట. ఇచ్చాం, తొమ్మిదిన్నరకి వచ్చింది. పిల్లలతో వెళ్ళేవాళ్ళకి గది కొంచెం మంచిది కావాలంటే భీమవరంలో దిగి కారులో రావడం నయం. నది పక్కనే ఉండాలనుకుంటే చించినాడ వంతెన అవతల దిండిలో టూరిజం వాళ్ళ రిసార్ట్, హౌస్‌బోట్లు ఉన్నాయి. కొబ్బరితోటల మధ్య ఆ చోటు బాగుంటుంది, కాకపోతే సముద్రం అక్కడికి దూరం.

ఊళ్ళో మొదట వలంధర రేవుకి వెళ్ళండి. పుష్కరాలప్పుడు జనం పట్టని ఈ రేవు మామూలు రోజుల్లో పొద్దున్నే ఖాళీగా ఉంటుంది. మెట్ల మీద కూర్చుంటే నది ఎంత వెడల్పో అప్పుడు తెలుస్తుంది. పదిహేడో శతాబ్దంలో ఓడలు కట్టడానికి, పాడైనవి బాగుచేయించుకోవడానికి యూరప్ వర్తకులు వెతుక్కుంటూ వచ్చిన చోటు ఇది. ఎగువ అడవుల టేకు గోదావరి మీద తేలుతూ దిగివచ్చేది, పని తెలిసిన వడ్రంగులు, కమ్మరులు ఇక్కడే ఉండేవారు. పక్కనే పాలకొల్లులో డచ్చివాళ్ళు మకాం పెట్టారు, 1825లో గాని పూర్తిగా వదల్లేదు. ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు మాధవాయిపాలెంలో వర్తక స్థావరం పెట్టారు. అక్కడినుంచి వెళ్ళిన నూలుగుడ్డ ఎంత పేరు తెచ్చుకుందంటే, తర్వాత ఎక్కడెక్కడో నేసిన గుడ్డని కూడా ఈ ఊరి పేరుని ఇంగ్లీషువాళ్ళు పలికిన తీరులో మడపొలం అనే అమ్మారు. ఇంత కథ ఉన్న మాధవాయిపాలెంలో ఆ సంగతి చెప్పే బోర్డు ఒక్కటీ మా కంటపడలేదు. కనపడేవి టీ బడ్డీ, మోటారుసైకిళ్ళ వరస, పంటు (బళ్ళని కూడా దాటించే పెద్ద పడవ) కోసం చూసే జనం. అంతర్వేది పోయే పంటు ఎక్కే రేవు ఇదే మరి.

పంటు మీద కార్లు, ఆటోలు, పాలక్యాన్లు, గడ్డిమోపులు, కాలేజీ పిల్లలు, అందరూ కలిసే దాటతారు. టికెట్ ఖరీదు కూడా ఎక్కువేం కాదు. ఇక్కడ వంతెన కావాలని ఊళ్ళవాళ్ళు ఏళ్ళుగా అడుగుతున్నారు, వాళ్ళ బాధ వాళ్ళది. రాత్రిపూట ఆసుపత్రికి వెళ్ళాల్సివస్తే పంటు పనికిరాదు. చుట్టపుచూపుగా వచ్చిన మనకి మాత్రం ఇదే అసలు యాత్ర. వరదల కాలంలో, అంటే జూలై నుంచి సెప్టెంబరు దాకా, నీరు పెరిగితే పంటు ఆపేస్తారు. అప్పుడు చించినాడ వంతెన మీదుగా రాజోలు చుట్టి రావాలి. ఆఖరి పంటు ఎప్పుడో దిగేటప్పుడే అడిగి పెట్టుకోండి. మేం అడిగితే, "చీకటి పడకుండా వచ్చేయండి, ఆయ్, ఆ తర్వాత మా చేతుల్లో లేదండి" అన్నాడు తాడు విప్పుతున్న కుర్రాడు.

సఖినేటిపల్లి రేవులో దిగగానే ఆటోవాళ్ళు చుట్టుముడతారు. గుడి, లైట్‌హౌస్, నది సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు, తిరుగు ప్రయాణం, అన్నీ కలిపి ఒకే రేటు మాట్లాడుకోండి. మా ఆటో అతను గుడి దగ్గరికి వచ్చాక గట్టుకి వేరే డబ్బన్నాడు. కాసేపు వాదించాక తగ్గాడు. వేరే ఆటో చూసుకుందామంటే అక్కడ దొరకడం కష్టం, అది అతనికీ తెలుసు.

అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి గుడి మామూలు రోజున ప్రశాంతంగా ఉంటుంది. అరగంటలో దర్శనమైంది, అమ్మకి కూర్చోడానికి నీడ కూడా దొరికింది. మాఘమాసంలో కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం. ఆ రోజుల్లో లక్షల్లో జనం వస్తారు, పెద్దవాళ్ళతో వెళ్ళడం నేనైతే వద్దంటాను. 2020 సెప్టెంబరులో పాత రథం షెడ్డులోనే కాలిపోతే మరుసటి ఏడాది ఉత్సవానికి కొత్తది చేయించారు. గుడి కట్టించిన కొపనాతి కృష్ణమ్మగారి విగ్రహం లోపలే ఉంది, గబగబా బయటికి వచ్చేయకుండా అదీ చూడండి. గోదావరి ఏడు పాయలు సముద్రంలో కలిసేచోట్ల స్నానాలు చేసే సప్తసాగర యాత్ర ముగిసేది కూడా ఇక్కడే.

అన్నాచెల్లెళ్ళ గట్టుకి మాత్రం తప్పకుండా వెళ్ళాలి. ఒకవైపు అలలు విరుగుతుంటాయి, రెండోవైపు నది నింపాదిగా వస్తుంటుంది, మధ్య ఇసుకతిన్నె మీద మనం. అవతలి ఒడ్డున కనపడేది బియ్యపుతిప్ప. నీళ్ళలోకి దిగకండి, కలిసేచోట లాగుడు ఎక్కువ. బట్టలు మార్చుకునే గదులు, మరుగుదొడ్లు సరిగా లేవు. ఆడవాళ్ళు గుడి దగ్గరే పని చూసుకుని రావడం మంచిది.

పేరుపాలెం గురించి ఎక్కువ చెప్పను. మొగల్తూరు దాటాక సరుగుడు తోటలు, రొయ్యల చెరువుల మధ్య దారి చాలా బాగుంది, బీచ్ కన్నా దారే నచ్చింది నాకు. ఆదివారమైతే బస్సులు, డీజేలు, ప్లాస్టిక్ గ్లాసులు. వారం మధ్యలో పొద్దున్న ఏడులోపు వెళ్తే వలలు లాగేవాళ్ళు తప్ప ఎవరూ ఉండరు, అప్పుడు బాగుంటుంది.

లేసు కొనకుండా రాకండి. 1844 ప్రాంతంలో మిషనరీలు నేర్పిన ఈ అల్లిక చుట్టుపక్కల పల్లెల్లో వేలమంది ఆడవాళ్ళ చేతిపని అయింది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. బజారు షాపుల్లో మెషిన్ లేసు కలిపేసి అమ్మేవాళ్ళూ ఉన్నారు. మెషిన్‌దైతే ప్రతి పువ్వూ అచ్చుగుద్దినట్టు ఉంటుంది, చేతిదాంట్లో కొంచెం తేడా కనపడుతుంది. మేం తెలిసినవాళ్ళ ద్వారా ఒక పల్లెలో అల్లేవాళ్ళ ఇంటికే వెళ్ళాం. అరుగు మీద ముగ్గురు కూర్చుని మాటల్లోనే అల్లేస్తున్నారు. టేబుల్ మీద పరిచే గుడ్డ ఒకటి చూపించి అమ్మ ధర అడిగితే, "షాపులో ఇచ్చేదే ఇవ్వండమ్మా, మాకు సగం కూడా రాదు అందులో" అంది పెద్దావిడ. బేరం ఆడటం అమ్మకి అలవాటు, ఆ రోజు మాత్రం ఆడలేదు.

తిండికి లోటుండదు. మధ్యాహ్నం మెస్సుల్లో రొయ్యల ఇగురు, బొమ్మిడాయిల పులుసు చవగ్గానే పెడతారు. పులస వరద నీటిలో ఎదురీదే చేప, చలికాలంలో పులస పులుసని బోర్డు పెడితే నమ్మొద్దు. పొద్దున్న టిఫినుకి దిబ్బరొట్టె, పక్కన పాకం, దాని కోసం పాలకొల్లు దాకా వెళ్ళినా తప్పులేదు. పది కిలోమీటర్లే, ఎటూ పంచారామాల్లో ఒకటైన క్షీరారామం చూడాలి. తొమ్మిది అంతస్తుల ఆ గోపురం ఊరి బయటినుంచే కనపడుతుంది.

తిరుగు రైలు సాయంత్రం పూట. గది పొద్దున్నే ఖాళీ చేసినా, లాడ్జి వాళ్ళు సామాను కౌంటర్ వెనక పెట్టుకోనిచ్చారు, అదనంగా ఏమీ అడగలేదు. స్టేషన్‌కి ఆటో కూడా వాళ్ళే పిలిచారు.