గోజోలో డైవింగ్ ప్యాకేజీ కొనేవాళ్లకు హెచ్చరిక: "ఏడాదంతా బ్లూ హోల్ గ్యారంటీ" అంటే నమ్మకండి

చలికాలం చివర్లోనో మార్చి, ఏప్రిల్‌లోనో మాల్టా వెళ్లి స్కూబా డైవింగ్ చేద్దామని చూస్తున్నవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి. ముఖ్యంగా జర్మనీ, ఐర్లాండ్ లాంటి చోట్ల ఉంటూ, చవగ్గా ఫ్లైట్ దొరికిందని వెంటనే డైవింగ్ కూడా బుక్ చేసేసే మన తెలుగువాళ్లు, అందులోనూ ఈమధ్యే నేర్చుకుని ఓపెన్ వాటర్ కార్డు (డైవింగ్‌లో మొదటి మెట్టు సర్టిఫికెట్) మాత్రమే ఉన్నవాళ్లు.

మేం ఫిబ్రవరి ఆఖర్లో మాల్టాలోని గోజో దీవికి వెళ్లాం. అక్కడ ఒక డైవ్ సెంటర్ (పేరు రాయడం లేదు, పేరు కంటే అమ్మే పద్ధతి తెలియడం ముఖ్యం) ఏడాది పొడవునా బ్లూ హోల్ (అక్కడి పేరున్న డైవింగ్ చోటు) గ్యారంటీ అనీ, డైవింగ్ సామానంతా వాళ్లే ఇస్తారనీ, మొత్తం ముందే కడితే తగ్గింపు అనీ చెప్పి మా దగ్గర పూర్తి డబ్బు తీసుకుంది. బ్లూ హోల్‌లో దిగలేదు, డబ్బూ వెనక్కి రాలేదు.

అసలు ఆ చోటికి గ్యారంటీ ఇవ్వడం ఎవరి వల్లా కాదు. బ్లూ హోల్ దీవికి పడమటి వైపు ద్వేరా దగ్గర ఉంది. రాతిలో పది మీటర్ల వెడల్పున్న గుండ్రటి మడుగు అది, లోతు పదిహేను మీటర్ల చిల్లర, కిందికి వెళ్తే బయటి సముద్రంలోకి పెద్ద రాతి ద్వారం ఉంటుంది. దాని పక్కనే ఒకప్పుడు అజ్యూర్ విండో అనే రాతి తోరణం ఉండేది, 2017 మార్చి 8న తుపాను గాలులకు కూలిపోయింది. అక్కడి సముద్రానికి ఎంత బలం ఉందో ఇంకెవరూ చెప్పక్కర్లేదు, అదీ సరిగ్గా చలికాలం చివర్లోనే. మజ్జిస్ట్రాల్ అని అక్కడివాళ్లు పిలిచే వాయవ్య గాలి లేచిందంటే అలలు నేరుగా ఆ ఒడ్డుకే వచ్చి కొడతాయి. వీపున సిలిండర్‌తో గరుకు రాళ్ల మీద నడిచి దిగాలి, దిగడం ఒక ఎత్తయితే తిరిగి ఎక్కేటప్పుడు అల విసిరికొడితే మోకాళ్లు, తలా పగులుతాయి. ఆ రోజుల్లో మమ్మల్ని దింపనందుకు గైడ్‌ని నేను తప్పు పట్టను, ఆయన చేసింది సరైన పనే. గాలి మీద ఆధారపడ్డ దాన్ని గ్యారంటీ అని చెప్పి డబ్బు తీసుకోవడమే మోసం.

గోజోలో ఒక సౌకర్యం ఉంది, దీవి చిన్నది కాబట్టి ఒక వైపు గాలి ఉంటే ఇంకో వైపు దిగొచ్చు. వాయవ్య గాలికి పడమర, ఉత్తరం రెండూ పోతాయి, దక్షిణాన మ్‌జార్ ఇష్‌షీని లాంటి ఇరుకు సముద్రపు పాయలు ప్రశాంతంగా ఉంటాయి. మంచి చోటే, కొత్తవాళ్లకు నిజంగా బాగుంటుంది. కానీ ఆ డైవ్‌కి బ్లూ హోల్ రేటే వేశారు. అంతకంటే ఘోరం, మర్నాడు షత్ లహ్మర్ దగ్గరున్న ఓడల దగ్గరికి తీసుకెళ్తామన్నారు. డైవర్ల కోసమే 2006లో ముంచిన కార్వెలా, కొమినోలాండ్ అక్కడే ఉన్నాయి, అడుగు నలభై మీటర్ల లోతు. ఓపెన్ వాటర్ కార్డుకి పద్దెనిమిది మీటర్లే హద్దు. "పైపైనే చూద్దాం, ఏం కాదు" అన్నారు. మేం ఒప్పుకోలేదు. మీతో ఎవరైనా ఇలా అంటే అక్కడే ఆపేయండి, కట్టిన డబ్బు పోతుందని మాత్రం దిగకండి.

ఇంకో విషయం నీళ్ల చలి. అండమాన్‌లో పల్చటి సూట్ వేసుకుని నేర్చుకున్నవాళ్లకి ఇది ఊహకు కూడా అందదు. ఫిబ్రవరి, మార్చిలో అక్కడ నీళ్లు పదిహేను డిగ్రీలు. బయట ఎండ కాస్తూ ఉంటుంది, ఏప్రిల్, మేలో టీషర్టుతో తిరుగుతారు, కానీ సముద్రం వేడెక్కడానికి నెలలు పడుతుంది, మేలో కూడా పద్దెనిమిది దగ్గరే ఉంటుంది. మాకు ఇచ్చింది సాగిపోయిన ఐదు మిల్లీమీటర్ల వెట్‌సూట్, తలకి వేసుకునే హుడ్ లేదు, గ్లవ్స్ అడిగితే అద్దె వేరే అన్నారు. కాసేపటికే వేళ్లు మొద్దుబారి నా ఫ్రెండ్‌కి బీసీడీ (నీళ్లలో తేలడాన్ని అదుపు చేసే జాకెట్) బటన్ నొక్కడం కూడా కష్టమైపోయింది, వణుకుతుంటే సిలిండర్‌లో గాలి కూడా త్వరగా అయిపోతుంది, చాలా టెన్షన్ పడ్డాం. ఆ నెలల్లో ఏడు మిల్లీమీటర్ల సెమీ డ్రై సూట్ (నీళ్లు చాలా తక్కువగా లోపలికి వచ్చేది), హుడ్‌తో సహా ఇస్తేనే దిగండి. నీళ్లు అసలు లోపలికి రాని డ్రైసూట్ వాడటం వచ్చినవాళ్లకైతే అది ఇంకా మంచిది.

నాకు అన్నిటికంటే కోపం వచ్చింది చివర్లో. గొడవ పడితే, పోయిన డైవ్‌కి బదులుగా ఆఖరి రోజు సాయంత్రం ఒకటి చేయిస్తామన్నారు. మర్నాడు తెల్లవారుజామున మా ఫ్లైట్ అని వాళ్లకి తెలుసు. వరసగా డైవ్‌లు చేశాక విమానం ఎక్కాలంటే కనీసం పద్దెనిమిది గంటలు ఆగాలి, లేకపోతే ఒంట్లో మిగిలిన నైట్రోజన్ బుడగలు కట్టి డీకంప్రెషన్ జబ్బు రావచ్చు. అది తెలిసిన సెంటరే ఆ మాట అనడం నేను క్షమించలేను.

డబ్బు సంగతికొస్తే, ఆన్‌లైన్‌లో కొన్నది పద్నాలుగు రోజుల్లో రద్దు చేసుకోవచ్చనే యూరప్ రూల్ ఉంది కదా అని ధీమాగా ఉండకండి. ఫలానా తేదీకి అని బుక్ చేసిన ఇలాంటి వినోద సేవలకి ఆ హక్కు వర్తించదు. పైగా నిబంధనల్లో అడుగున ఎక్కడో "వాతావరణాన్ని బట్టి చోటు మారవచ్చు" అని ఉంటుంది. గ్యారంటీ అన్న మాటని మేం ముందే స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకున్నాం కాబట్టి కార్డు ఇచ్చిన బ్యాంకు ఫిర్యాదు తీసుకుంది, ఇంకా తేలలేదు.

గోజో వద్దని అనడం లేదు. అంత తేట నీళ్లు, ముప్ఫై మీటర్ల దాకా కనిపించే చోట్లు తక్కువ. జూన్ నుంచి అక్టోబర్ మధ్యలో వెళ్లండి, నన్నడిగితే సెప్టెంబర్ మేలు, నీళ్లు ఇరవై ఐదు డిగ్రీల పైనే ఉంటాయి, ఆగస్టు రద్దీ తగ్గుతుంది. అప్పుడు కూడా గాలి లేస్తే బ్లూ హోల్ మూతపడొచ్చు, అందుకే ఎక్కువ రోజులు పెట్టుకుని, ఏ రోజు డైవ్‌కి ఆ రోజే కట్టించుకునే సెంటర్ చూసుకోండి. అలాంటివి ఉన్నాయి, ముందు రోజు సాయంత్రం గాలి చూసి ఎటు వెళ్లాలో చెప్తారు. మీ ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో డైవింగ్ ఉందో లేదో కూడా చూడండి, చాలా పాలసీల్లో ఉండదు.

ఇప్పటికే మార్చికి అడ్వాన్స్ కట్టినవాళ్లు ఇవాళే మెయిల్ పెట్టండి: ద్వేరా మూతపడితే ఎంత వెనక్కిస్తారు, సూట్ ఎంత మందం, హుడ్ ఇందులో కలిసే ఉందా అని. జవాబు రాతపూర్వకంగా వచ్చేదాకా మిగతా డబ్బు కట్టకండి.