సోలార్ పార్కుకు భూమి: ఇచ్చేయడమా, కౌలుకివ్వడమా?

ఊరి పక్కకు పెద్ద సోలార్ ప్రాజెక్టు వస్తోందంటే ముందు తేలాల్సింది భూమి లెక్కే. ఉమ్మడి కర్నూలు జిల్లా గని, శకునాల దగ్గరి 1,000 మెగావాట్ల పార్కుకు దాదాపు 5,900 ఎకరాలు సేకరించారు. అందులో ఎక్కువ భాగం ప్రభుత్వ భూమే. ఇలా భూమి ఇచ్చేసిన రైతుకు పరిహారం ఒక్కసారే చేతికొస్తుంది. అప్పు తీర్చాల్సినవాళ్లకు అదే నయం, కానీ ఆ తర్వాత భూమితో బంధం తెగినట్టే.

సరిహద్దుకు అవతల కర్ణాటకలో, తెలుగు బాగా వినబడే పావగడలో దారి వేరు. అక్కడ 2,050 మెగావాట్ల పార్కు కోసం సుమారు 13,000 ఎకరాలను రైతుల దగ్గర 28 ఏళ్ల కౌలుకు తీసుకున్నారు. మొదట ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. మూడెకరాల మెట్ట రైతుకు 63,000 అన్నమాట. వాన పడకపోయినా వస్తుంది, పట్టా పేరు మారదు. నా ఓటు కౌలుకే. కాకపోతే ఆ పెంపు మరీ తక్కువ, ధరలు అంత నెమ్మదిగా పెరగవు కదా!

భూమిలేని కూలీలకు మాత్రం రెండు పద్ధతుల్లోనూ నష్టమే. కౌలు డబ్బు పట్టాదారుకు పోతుంది, కలుపు తీసే పని పోతుంది, గొర్రెల మేత కంచె లోపల ఉండిపోతుంది.

ఇప్పుడు ఈ పార్కులకు కరెంటు నిల్వచేసే బ్యాటరీలూ తోడవుతున్నాయి. 2025 జనవరిలో కాలిఫోర్నియాలోని మాస్ ల్యాండింగ్ బ్యాటరీ కేంద్రం తగలబడితే చుట్టుపక్కల వాళ్లను ఖాళీ చేయించాల్సి వచ్చింది. కౌలైనా అమ్మకమైనా, ఇళ్లకు బ్యాటరీ కంటెయినర్లు ఎంత దూరంలో పెడతారో సంతకానికి ముందే కాగితం మీద రాయించుకోవాలి.