బొమ్మా మాటా ఒకటే చెప్పాలా, చెరో సగం చెప్పాలా?

కామిక్స్‌లో ఒక గడి అనుకోండి. పల్లెటూరి ఇంటి వాకిలి. కొత్త అల్లుడు సంచీతో వస్తున్నాడు, అత్తగారు చెంబుతో నీళ్లు అందిస్తోంది. పైన రాత: ‘అల్లుడు వచ్చాడు. అత్తగారు కాళ్లకి నీళ్లు ఇచ్చింది.’

బొమ్మను అలాగే ఉంచి, ఓ మూల గంప కింద కోడిని పెడదాం. రాత మారుద్దాం: ‘అల్లుడొచ్చాడని ఇంటిల్లిపాదీ సంతోషించారు.’ గంప సందులోంచి కోడి మాత్రం కళ్లు ఇంతింత చేసుకుని చూస్తోంది.

మొదటి గడిలో మాట చెప్పిందే బొమ్మా చెప్పింది. రెండో గడిలో నవ్వు ఒక్క రాతలోనే లేదు, ఒక్క బొమ్మలోనే లేదు. అల్లుడొస్తే కోడికూర అన్న సంగతి మన ఇళ్లలోంచి మనమే తెచ్చి ఆ రెంటినీ కలిపాం. కామిక్స్ గురించి కామిక్స్ రూపంలోనే 1993లో పుస్తకం వేసిన అమెరికన్ బొమ్మల రచయిత స్కాట్ మెక్‌క్లౌడ్, మాటా బొమ్మా కలిసే తీరులు ఏడని లెక్కపెట్టాడు. మన రెండు గడులూ ఆ ఏడింటిలోవే.

నా ఓటు కోడికే. కానీ అప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న పిల్లాడికి మాత్రం మొదటి గడే మేలు. ‘చెంబు’ అని కష్టపడి చదివి, బొమ్మలో చెంబు కనబడగానే సరిగ్గానే చదివానని ధైర్యం తెచ్చుకుంటాడు. వాడికి కోడి చూపు ఇంకో రెండేళ్లు ఆగొచ్చు.

1947 జులైలో మొదలైన చందమామది వేరే దారి. అక్కడ కథంతా మాటల్లోనే ఉండేది, కళ్లు మూసుకుని విన్నా ఏమీ తగ్గేది కాదు. అయినా భుజాన శవం, చేతిలో కత్తితో నడిచే విక్రమార్కుణ్ణి శంకర్ గీసిన బొమ్మలోనే గుర్తుపెట్టుకున్నాం. 1967లో అనంత్ పాయ్ మొదలుపెట్టిన అమర్ చిత్ర కథలో కథ గడి నుంచి గడికి నడుస్తుంది. అందులో పైన పెట్టెల్లో రాత ఎక్కువని విసుక్కునేవాళ్లున్నారు. నేనూ కొంత విసుక్కుంటాను. కానీ ‘పన్నెండేళ్లు గడిచాయి’ అన్న ముక్కను బొమ్మతో చెప్పాలంటే గడ్డం పెంచాలి, చెట్లు పెంచాలి, అయినా పన్నెండో పదిహేనో తేలదు. కాలం, పేర్లు, చుట్టరికాలు మాటకు అప్పజెప్పాలి. ముఖంలో భయం, కోట ఎత్తు బొమ్మకు వదిలేయాలి. భయపడుతున్న ముఖం గీసి, పక్కన ‘అతను భయపడ్డాడు’ అని రాస్తే గీసినవాడిని నమ్మనట్టే.

అసలు మాటలే లేకపోతే? తర్వాతి గడిలో గంప బోర్లా పడి ఉంది, పక్కన రెండు ఈకలు. కత్తి ఎక్కడా లేదు. రెండు గడుల మధ్య ఉన్న ఆ తెల్లటి సందులో ఏం జరిగిందో చెప్పక్కర్లేదు. ఇక్కడ ‘కోడిని కోశారు’ అని రాస్తే చెడుతుంది. అలాగని పేజీలకు పేజీలు మాటల్లేకుండా పోతే కన్ను జారిపోతుంది. మాట కన్నుకు చిన్న బ్రేకు.

చెరో సగం పద్ధతికి తెలుగులో ఒక టెన్షన్ ఉంది. ఇంగ్లిష్ కామిక్స్‌లో చాలావరకు అన్నీ పెద్దక్షరాలే, ఒకే ఎత్తు. మనకేమో పైన గుడులు, కింద వత్తులు. వరుసల మధ్య చోటు వదలాలి, లేదా అక్షరం చిన్నదవాలి. పైగా మనం ఎడమ నుంచి చదువుతాం కాబట్టి ముందు మాట్లాడేవాడి బెలూన్, అంటే మాటలు రాసే బుడగ, ఎడమవైపో, పైనో ఉండాలి. అందుకే మాటలు ముందే రాసుకుని, చోటు వదిలి గీస్తే మంచిది. గీశాక మాటలు అతికిస్తే బెలూన్ ఉబ్బుతుంది, ఖాళీగా కనబడే మూలకు పాకుతుంది. ఆ మూలనే కదా మన కోడి!