బైబిల్ కోడ్ సాఫ్ట్‌వేర్లు, కోర్సులు కొనేముందు జాగ్రత్త

బైబిల్లో దాగిన సంకేతాలు బయటపెడతామంటూ సాఫ్ట్‌వేర్లు, పీడీఎఫ్‌లు, జూమ్ క్లాసులు అమ్ముతున్నారు. డబ్బు కట్టేముందు ఇది చదవండి.

డెమోలో సాధారణంగా చూపించేది ఒకటే. హీబ్రూ ఆదికాండంలో మొదటి ‘తావ్’ అనే అక్షరం దగ్గర మొదలుపెట్టి 50 అక్షరాలకొకటి చొప్పున ఏరుకుంటూ పోతే ‘తోరా’ (బైబిల్ మొదటి ఐదు పుస్తకాలకు యూదుల పేరు) అని వస్తుంది. నిజంగానే వస్తుంది. కానీ హీబ్రూలో ‘తోరా’కు నాలుగక్షరాలు, ఆ నాలుగూ అడుగడుగునా తగిలేవే. ఆదికాండంలో ఉన్నవి 78,064 అక్షరాలు. 50తో కుదరకపోతే 49, అదీ కాకపోతే 26; ముందుకు రాకపోతే వెనక్కి. అచ్చులు రాయరు కాబట్టి ఒకే పేరుకు రెండు మూడు స్పెల్లింగులు పెట్టుకోవచ్చు. ఇన్ని వెసులుబాట్లున్నాక దొరక్కపోతేనే వింత.

ఆదికాండంలో యూదు రబ్బీల పేర్లు, వాళ్ల పుట్టిన, చనిపోయిన తేదీలు దగ్గరదగ్గరగా దాగి ఉన్నాయంటూ 1994లో ‘స్టాటిస్టికల్ సైన్స్’ జర్నల్‌లో వ్యాసం వచ్చిందని ఊదరగొడతారు. అదే జర్నల్ 1999లో మెకే, బార్-నాటన్, బార్-హిల్లెల్, కలై రాసిన ఖండనను కూడా వేసిందన్న సంగతి మాత్రం ఎత్తరు. పేర్ల జాబితాను కాస్త అటూ ఇటూ మారిస్తే ‘వార్ అండ్ పీస్’ హీబ్రూ అనువాదంలోనూ అలాంటి ఫలితమే రాబట్టవచ్చని వాళ్లు చూపించారు. మెకే అయితే ‘మోబీ డిక్’ నవల్లోంచి ఇందిరా గాంధీ హత్యను కూడా బయటికి లాగాడు!

తెలుగు బైబిల్ మీదే కోడ్ పనిచేస్తుందని ఎవరైనా అంటే అసలు దగ్గరికే వెళ్లకండి. ‘క్రీస్తు’ కంటికి రెండక్షరాలు. కంప్యూటర్‌కు క, పొల్లు, ర, గుడిదీర్ఘం, స, పొల్లు, త, కొమ్ము: మొత్తం ఎనిమిది. వీటిలో దేన్ని ఒకటిగా లెక్కపెడుతున్నారు? ఒక్కటి జారినా ఆ తర్వాతి లెక్కంతా చెడుతుంది.

వాట్సాప్‌లో తిరిగే 118వ కీర్తన 8వ వచనం సంగతీ ఇంతే. అది బైబిల్‌కు నట్టనడుమ ఉందంటారు. కూడి చూడండి. ఆదికాండం నుంచి యోబు దాకా 478 అధ్యాయాలు, మొత్తం బైబిల్‌కు 1,189. నడిమిది 595వది, అంటే 117వ కీర్తన. 73 పుస్తకాల కథోలిక బైబిల్ తీస్తే ఈ లెక్క కూడా పోయింది.

అమరిక అసలే లేదని కాదు. 119వ కీర్తనలో 22 హీబ్రూ అక్షరాలకు ఎనిమిదేసి వచనాలు, మొత్తం 176. ఆలెఫ్, బేత్ అని చాలా తెలుగు ప్రతుల్లోనూ పైన అచ్చేసి ఉంటుంది. విలాపవాక్యముల మొదటి నాలుగు అధ్యాయాలూ అక్షరక్రమంలో కట్టినవే. ఇందులో దాచిందేమీ లేదు, ఎవరికీ ఫీజు కట్టక్కర్లేదు.

అయినా కొనాలనుంటే అమ్మేవాళ్లను ముందే అడగండి: ఏ హీబ్రూ ముద్రణ, అందులో ఎన్ని అక్షరాలు? వెతకాల్సిన మాటలు, అంతరాలు వెతక్కముందే రాసిపెట్టారా? అంతే నిడివి ఉన్న వేరే హీబ్రూ పుస్తకంలో ఇదే వెతుకులాట మన కళ్లముందు నడిపి చూపిస్తారా? మూడోదానికి ఒప్పుకోకపోతే అడ్వాన్స్ కూడా ఇవ్వకండి. హీబ్రూ పాఠం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. వెతికే ప్రోగ్రామ్ పైథాన్‌లో పది పదిహేను లైన్ల పని.