మూసేసిన దక్షిణపు గుమ్మం: ఏడేళ్ళలో నిలిచినవి, ఊడినవి

శ్రీకాకుళంలో మేము ఉంటున్న మూడో అంతస్తు ఫ్లాటుకు ఒకప్పుడు రెండు వీధిగుమ్మాలు ఉండేవి. ఒకటి తూర్పు వైపుది, రెండోది దక్షిణ నైరుతిలో వరండాలోకి తెరుచుకొనేది. మాకు ముందున్న యజమాని వాస్తు సలహా మీద ఆ రెండోదాన్ని మూయించారు. తలుపు రెక్కలు తీసేసి, వరండా వైపు నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ కట్టించి, హాలు వైపు టేకు ద్వారబంధాన్ని గడపతో సహా అలాగే వదిలేశారు. 2018 జూన్‌లో మేము దిగేనాటికి హాలు గోడలో మూడడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల ఎత్తు, నాలుగున్నర అంగుళాల లోతు ఉన్న ఒక బోసి గూడు మిగిలి ఉంది. కొత్తగా వచ్చినవారెవరైనా ఇటు ఇంకో గది ఉందా అని అడగకుండా కూర్చొనేవారు కాదు.

ద్వారబంధాన్నే తీయించేద్దామని మొదట అనుకున్నాము. దాన్ని పీకడం గంట పనే గాని పెళ్ళలూడిన గోడను మళ్ళీ సరిచేయడం వారం పని అని వడ్రంగి మేస్త్రి అన్నాడు. పసుపు రాసిన గడపను ఊడబెరకకూడదని మా అత్తగారు అన్నారు. రెండు అభ్యంతరాలూ ఒకే రోజు రావడంతో ద్వారబంధం బతికిపోయింది. ఈ ఏడేళ్ళలో అక్కడ నాలుగు రకాల అలంకరణలు చేశాను. ఏది ఎన్నాళ్ళు ఉందో, ఎందుకు పోయిందో ఇక్కడ రాస్తున్నాను.

మొదటిది తెర. పొందూరు నేతలో కాస్త మందపాటి తెల్ల ఖద్దరు తెచ్చి, పైకమ్మీకి కడ్డీ బిగించి వేలాడదీశాను. కొండపత్తి నుంచి తీసి, వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేసిన దూదితో వడికే సన్న నూలుకు పొందూరు పేరు పొందింది. అంత సన్నది తెరకు పనికిరాదు, అంత ధర పెట్టి తెరగా వాడుకోవడానికి మనసు కూడా రాదు. మందపు రకం బట్టగా చాలా బాగుంది. తెరగా మాత్రం మూడు నెలలు కూడా ఉండలేదు. తెర ఉన్నచోట అవతల దారి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. వరలక్ష్మీ వ్రతానికి వచ్చిన పేరంటాళ్ళలో ఇద్దరు చేతులు కడుక్కోవడానికి దాన్ని తొలగించి గోడకు ఎదురుపడ్డారు. మా ఆడపడుచు కొడుకు ఆటలో పరుగెత్తుకొచ్చి నుదురు బొప్పి కట్టించుకున్నాడు. ఆ తరువాత తెర వెనక బల్లులు కాపురం పెట్టడంతో తీసేశాను. మూసిన గుమ్మానికి తెర వేయమని సలహా ఇచ్చేవారు చిన్నపిల్లలున్న ఇంట్లో దాన్ని వాడి చూసి ఉండరని నా అభిప్రాయం.

రెండోది వెనక జిగురున్న వినైల్ స్టిక్కరు, రాతి గోడలాంటి బొమ్మతో. సాయంత్రానికల్లా పని అయిపోయింది, మొదటి నెల చూడముచ్చటగా కూడా ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటింది. పలాస, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడి తోటలు నేలకూలిన ఆ రోజుల్లో మా ఇంటి స్టిక్కరు గురించి చెప్పుకోవడం సిగ్గుగానే ఉంటుంది గాని, ఈ గోడ అసలు సంగతి ఆ వానలకే బయటపడింది. గాలివాటానికి జల్లు వరండాలోకి కొట్టింది. పది రోజుల తరువాత స్టిక్కరు అడుగు అంచు లేచింది. లాగి చూస్తే దాని వెనక గోడంతా నల్లటి బూజు, మధ్య మధ్య తెల్లటి ఉప్పు పొంగు కనిపించాయి. వినైల్ గుండా గాలి ఆడదు. గోడలోని చెమ్మ ఆరే దారి లేక దాని వెనకే నిలిచిపోయింది.

ఇక్కడ కాస్త వివరంగా రాయక తప్పదు, ఎందుకంటే మూసిన గుమ్మం విషయంలో ఏ అలంకరణ ఎన్నాళ్ళు ఉంటుందో తేల్చేది ఆ పూడ్చిన గోడే. చుట్టూ ఉన్న పాత గోడ తొమ్మిది అంగుళాలది. పూడ్చినది అందులో సగం మందం. పాత ఇటుకల్లో పళ్ళు కొట్టి కొత్త ఇటుకలను కరిపించి కట్టకుండా మధ్యలో ఇరికించి కట్టారు గనుక రెండింటి అతుకు వెంట వెంట్రుకంత పగులు పైనుంచి కిందిదాకా పాకింది. వరండా గచ్చు వాలు కూడా సరిగా లేక గోడ మొదట్లో నీరు నిలిచేది. నీరు ఇటుకల్లోని, సిమెంటులోని లవణాలను కరిగించుకొని లోపలి ముఖానికి వచ్చి, అక్కడ ఆవిరై ఉప్పును వదిలిపెడుతుంది. దాని మీద పుట్టీ పెట్టినా, రంగు వేసినా, స్టిక్కరు అంటించినా పొక్కుతుంది. 2019 రథసప్తమి అయ్యాక, అరసవల్లికి వచ్చిన చుట్టాలంతా వెళ్ళిపోయాక, అపార్ట్‌మెంటు సంఘం అనుమతి తీసుకొని వరండా వైపు నుంచి మరమ్మతు చేయించాము. పాత గారను గీకించి, అతుకు మీద రెండు వైపులా ఆనేలా చికెన్ మెష్ (సన్న ఇనుప తీగల వల) పరిచి మేకులు కొట్టించి, వాటర్‌ప్రూఫ్ ద్రావణం కలిపిన సిమెంటుతో మళ్ళీ గార చేయించి, గోడ మొదట్లో నీరు జారిపోయేలా ఏటవాలు పూత పెట్టించాము. వారం రోజులు తడిపి, ఆ తరువాత ఎండలు ముదిరేదాకా లోపలి వైపు ఏమీ ముట్టుకోలేదు. ఆరిందో లేదో చూడడానికి మేస్త్రి చెప్పిన చిట్కా ఇప్పటికీ వాడుతుంటాను: చదరపు అడుగు పాలిథిన్ ముక్కను గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి రెండు రోజులు వదిలేయాలి, తీసినప్పుడు లోపలి ముఖాన నీటి బొట్లు కనిపిస్తే గోడ ఇంకా ఆరలేదన్నమాట. ఈ పనికి అయిన డబ్బు ఆ తరువాత అన్ని అలంకరణలకూ కలిపి అయినదానికంటే ఎక్కువ. ముందే చేయించి ఉంటే స్టిక్కరు డబ్బు మిగిలేది.

మూడోది నిలువుటద్దం. ఆరడుగుల ఎత్తు, రెండున్నర అడుగుల వెడల్పు, ఐదు మిల్లీమీటర్ల మందం. చెక్క చట్రం కాక అద్దమే సుమారు 17 కిలోలు తూగుతుంది. అంత బరువును సగం మందపు ఇటుక గోడకు వేలాడదీయడానికి వడ్రంగి ఒప్పుకోలేదు. ద్వారబంధపు నిలువు కమ్మీలకే మరమేకులు వేసి బిగించాడు. ఆ నిర్ణయం మంచిదని తరువాత తెలిసింది. హాలు పెద్దదిగా కనిపించిన మాట నిజమే. అయితే ఎదురుగా ఉన్న టీవీ, దాని ముందు కూర్చున్న మేమంతా రెట్టింపై కనిపించడం ఆర్నెల్లకే విసుగు పుట్టించింది. రెండో వానాకాలానికి అద్దం అడుగున కళాయి నల్లబడడం మొదలైంది. దక్షిణపు గోడకు అద్దం ఏమిటని అత్తగారు మొదటి రోజు నుంచీ అంటూనే ఉన్నారు గనుక, తీసేసిన రోజు ఇంట్లో ఎవరూ బాధపడలేదు.

ఈ మూడింటిలోనూ నేను చేసింది ఒకటే. గుమ్మాన్ని కనబడకుండా చేద్దామనుకున్నాను. పాత ఇళ్ళలో గోడల్లో దీపపు గూళ్ళు ఉండేవి. ఇది ఆరున్నర అడుగుల దీపపు గూడు అనుకుంటే సరిపోతుందని 2021 సంక్రాంతికి గాని నాకు తట్టలేదు. అప్పటి నుంచి ఉన్నది నాలుగోది. ఇప్పటికీ అదే ఉంది.

ముందుగా ద్వారబంధం మీది పాత ఎనామిల్ రంగును గీకించి టేకు చెక్కకు పాలిష్ పెట్టించాము. వెనక గోడకు జేగురు రంగు ఎమల్షన్ వేయించాము. నాలుగు అరలకు 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్, తడికి తట్టుకొనే మెరైన్ రకమని తెలిపే ఐఎస్ 710 ముద్ర ఉన్నది తీసుకున్నాము. చెక్క పీచును జిగురుతో అదిమి చేసే, తడికి ఉబ్బే ఎండీఎఫ్ బోర్డును ఇలాంటి గోడ దగ్గర పెట్టడం వృథా. అరలను గోడకు కాకుండా ద్వారబంధానికే బిగించి, గాలి ఆడడానికి వెనక అర అంగుళం సందు వదిలించాను. ప్రతి అరకూ ముందు అంచున రెండంగుళాల చెక్క పట్టీ కొట్టించాము. సామాను దొర్లిపడకుండా ఆపడమే దాని పని అనుకున్నాను గాని, మూడడుగుల పొడవున్న అర మధ్యలో కుంగకుండా పట్టి ఉంచుతున్నది కూడా ఆ పట్టీయే.

ఏమి పెట్టాలన్నదానికి ఈ జిల్లాలో వెతుక్కోవలసిన అవసరం లేదు. సరుబుజ్జిలి మండలంలోని బూడితిలో ఇత్తడి, కంచు పని చేసేవారి దగ్గర ఒక కలశం, రెండు కుందులు, ఒక చిన్న గిన్నె తెచ్చాను. మొదటిసారి టేపు లేకుండా వెళ్ళి తెచ్చిన బిందె అరలో పట్టక వంటింట్లో ఉండిపోయింది. నాలుగు అంగుళాల లోతంటే ఎంత తక్కువో దుకాణంలో తెలియదు. పుస్తకాలు కూడా మామూలుగా వీపు కనిపించేలా నిలబడవు, అట్ట కనిపించేలా పెట్టుకోవలసిందే. ఇత్తడి మన గాలికి త్వరగా మసకబారుతుంది. మొదట్లో నెలనెలా చింతపండు, కళ్ళుప్పు పెట్టి తోమేదాన్ని. ఇప్పుడు పండగలకు మాత్రమే తోమి, పొడిబట్టతో తడి లేకుండా తుడిచి పెడుతున్నాను. మధ్యలో వచ్చే ఆ గోధుమ రంగు జేగురు గోడ ముందు మెరుపు కంటే బాగుందనిపిస్తుంది.

పై భాగంలో అర లేకుండా రెండడుగులు వదిలి, సీతంపేటలో కొన్న సవర గిరిజనుల చిత్రాన్ని వేలాడదీశాను. 2022లో జిల్లాలు విడిపోయాక సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది గాని, మా ఇంట్లో అది ఇంకా మన ఊరి బొమ్మే. ఎర్రమట్టి అలికిన ఇంటి గోడ మీద బియ్యప్పిండితో సవరలు వేసే బొమ్మలవి, వారి దేవతలకూ పెద్దలకూ సంబంధించినవి. అందుకే దాని కింద చెప్పుల స్టాండు పెడదామన్న మా వారి సూచనను నేను ఒప్పుకోలేదు. బట్ట మీది చిత్రం గనుక గోడకు ఆనించకుండా పైన చెక్క కడ్డీకి కట్టాను. నాలుగు వానాకాలాలు దాటినా దానికి బూజు పట్టలేదు.

దీపాల సంగతి కొంత ఇబ్బంది పెట్టింది. 12 వోల్టుల ఎల్ఈడీ పట్టీని నేరుగా చెక్కకు అంటిస్తే ఆ వేసవికే జిగురు వదిలి జారిపోయింది. అల్యూమినియం చానల్‌లో పెట్టించాక మళ్ళీ ఊడలేదు. రంగు 3000 కెల్విన్‌ది, అంటే పసుపు ఛాయ వెలుగుది తీసుకోవాలి. తెల్లటి వెలుగులో ఇత్తడి పేలవంగా కనిపిస్తుంది. రథసప్తమికి హాలంతా పక్కలు పరిచి చుట్టాలు పడుకున్నప్పుడు ఆ వెలుగే మాకు రాత్రి దీపం.

అరలు నిండితే వరండాలోని చప్పుడు తగ్గుతుందన్న మాట నేను కూడా నమ్మాను. తగ్గలేదు. లిఫ్టు తలుపు శబ్దం, రాత్రిపూట చెప్పుల చప్పుడు అలాగే వినిపించేవి. ద్వారబంధానికీ ఇటుకకూ మధ్య ఉన్న సన్న సందును సీలెంటుతో చుట్టూ నింపిన తరువాతే తేడా తెలిసింది. అదీ పూర్తిగా కాదు.

అరలు, పాలిష్, దీపాలు కలిపి అప్పట్లో మాకు పదకొండు వేల దాకా అయింది. మూసినట్టు కనిపిస్తూ గడియ మాత్రమే వేసి ఉన్న తలుపైతే, ముఖ్యంగా అది వేరే మెట్లవైపు తెరుచుకొనేదైతే, ఇవేవీ చేయకండి. అగ్గి అంటుకున్న రోజున ఆ తలుపు అవసరపడుతుంది.

ఒక పొరపాటు మాత్రం మిగిలింది. అడుగు అరను గడపకు మరీ దగ్గరగా పెట్టించాను. మా అత్తగారు శుక్రవారం తూర్పు గడపతో పాటు ఎటూ దారితీయని ఈ గడపకు కూడా పసుపు రాసి బొట్లు పెడతారు. వంగి చెయ్యి లోపలికి పోనివ్వాలంటే అర అంచు తలకు తగులుతోంది. ఇల్లు తుడిచే నీళ్ళు చిమ్మి ఆ ప్లైవుడ్ అంచు కూడా కొద్దిగా విచ్చుకుంది. దాన్ని తీసేసి, గడప మీద అడుగున్నర ఖాళీ వదలమని వడ్రంగికి చెప్పాను. పెళ్ళిళ్ళ పనులు తెమిలాక వస్తానన్నాడు.